ప్రవేశ పరీక్ష ఒక్కటే గుమ్మమా?

ఈ మధ్య మా జిల్లాలో లెక్చరర్ల సమావేశం ఒకటి జరిగింది. రిటైరై ఇంట్లో కూర్చున్న నన్ను కూడా పిలిచారు. నాతో పాటు చాలా ఏళ్ళు పనిచేసిన ఒక లెక్కల సారు లేచి, "అమెరికాలో పెద్ద పెద్ద యూనివర్సిటీలే ప్రవేశ పరీక్షలు వద్దనుకుని, నాలుగేళ్ళు తిరిగేసరికి మళ్ళీ పెట్టుకున్నాయి. మన బాసర ట్రిపుల్ ఐటిలో మాత్రం ఇంకా పదో తరగతి మార్కులు చూసి సీట్లిస్తున్నారు. అందుకే బట్టీ పట్టే ఆడపిల్లలతో నిండిపోయింది. అక్కడా ఒక ఎంట్రన్స్ పెడితే గానీ అసలు ప్రతిభ బయటికి రాదు" అన్నారు. చప్పట్లు మోగాయి. కొట్టిన వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు.

నేను లేచి ఏదో అన్నాను. కోపంతో అన్నాను కనుక సరిగ్గా అనలేకపోయాను. ఆ సారు చెడ్డవాడు కాదు. ఎందరో ఆడపిల్లలకు ఓపిగ్గా లెక్కలు చెప్పినవాడే. అందుకే ఆ మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. తిరిగి వస్తూ బస్సులో కూర్చున్నాక చెప్పవలసినవన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. వాటినే ఇక్కడ రాస్తున్నాను.

ముందు బాసర సంగతి. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ఈ ట్రిపుల్ ఐటిలు పెట్టినప్పుడు ఉద్దేశం ఒకటే: పల్లెటూరి బడుల్లో బాగా చదివే పిల్లల్ని పదో తరగతి అవగానే తీసుకోవాలి, ఆరేళ్ళు అక్కడే ఉంచి బి.టెక్. దాకా చదివించాలి. ప్రవేశ పరీక్ష లేదు. పదో తరగతి మార్కులే ఆధారం. గ్రేడు పాయింట్లు వచ్చాక, హాస్టలు లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు 0.4 పాయింటు అదనంగా కలపడం మొదలైంది. ఇంట్లో కరెంటు లేకో, పనికి పోయో, కిలోమీటర్లు నడిచి వచ్చో తెచ్చుకున్న మార్కుకు ఆ మాత్రం విలువ ఇవ్వాలన్న ఆలోచన అది. మన విద్యాశాఖ చేసిన మంచి పనుల్లో ఇదొకటని నా అభిప్రాయం. ఇటీవలి సంవత్సరాల్లో ఎంపిక జాబితాల్లో సగానికి మించి అమ్మాయిలే ఉంటున్నారు. మా సారు కంప్లయింటు కూడా అదే కదా!

మా వైపు బీడీలు చుట్టే ఇళ్ళు ఎక్కువ. బడి నుంచి వచ్చిన ఆడపిల్ల పుస్తకాల సంచి మూలన పెట్టి, తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరిస్తుంది. రాత్రి దాకా మూతులు మడుస్తుంది. ఆ తర్వాత చదువుకుంటుంది. అలా పదేళ్ళు చదివిన పిల్లకు పదో తరగతిలో మంచి మార్కులు వస్తే దాన్ని బట్టీ అంటున్నాం. హైదరాబాదులో హాస్టల్లో పెట్టి, పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా ఒకే రకం ప్రశ్నలు వందల సార్లు చేయించి తెచ్చిన ర్యాంకును ప్రతిభ అంటున్నాం. ఈ రెంటిలో బట్టీ ఏదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆడపిల్లకు సంబంధించి ఇంకొక విషయం ఉంది. దీన్ని విద్యాశాఖ వాళ్ళు ఎప్పుడూ లెక్కలోకి తీసుకోరు. ట్రిపుల్ ఐటి సీటు పదిహేను, పదహారేళ్ళకే వస్తుంది. అది వచ్చాక ఆరేళ్ళ దాకా ఇంట్లో వాళ్ళు మళ్ళీ కూర్చుని "ఇక చాలా, ఇంకా చదివించాలా" అని తేల్చుకోవలసిన సందర్భం రాదు. ప్రవేశ పరీక్ష దారి అలా కాదు. ఇంటర్ అయ్యాక పరీక్ష. ర్యాంకు రాకపోతే ఇంకో ఏడు ఆగి మళ్ళీ రాయాలి. నీట్ కోసం, ఐఐటి కోసం ఒక ఏడాది, రెండేళ్ళు ఆగి చదివే మగపిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆ ఏడాదిని తల్లిదండ్రులు అప్పు చేసి కొంటారు. ఆడపిల్లకు పద్దెనిమిదో ఏడు అంటే సంబంధాలు చూసే ఏడు. అదే ఇంట్లో, అదే తల్లిదండ్రులు, ఆమె కోసం ఆ ఏడాదిని కొనరు. పరీక్షలో ప్రశ్న ఆడా మగా చూడదని అందరూ అంటారు. నిజమే, చూడదు. ఆ పరీక్ష ఎన్నిసార్లు రాయడానికి వీలుంటుందో మాత్రం ఆడా మగా చూసే తేలుతుంది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. 2023లో మా ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎం.పి.సి. చదివింది. తండ్రి దుబాయిలో కూలి. తల్లి బీడీలు చుడుతుంది. గ్రూపు సబ్జెక్టుల్లో 600కి 566 తెచ్చుకుంది. లెక్క చెబితే సగంలోనే జవాబు పట్టేసి, అయినా చివరిదాకా మెట్లన్నీ రాసే పిల్ల. ఎంసెట్‌కు పరీక్షా కేంద్రం ఇంకో జిల్లాలో పడింది. తెల్లవారుజామున మొదటి బస్సుకు తల్లీ కూతురూ బయల్దేరారు. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరన్న నిబంధన తెలుసు కనుక దారి పొడవునా భయంతోనే ఉన్నారట. తీరా కంప్యూటరు ముందు కూర్చున్నాక, 2018 నుంచి అంతా కంప్యూటరు మీదే కదా, చెయ్యి వణికింది. మా కాలేజీలో పిల్లలు ముట్టుకోగల కంప్యూటరు ఒక్కటి కూడా లేదు.

సాయంత్రం ఫోన్ చేసింది. 160 ప్రశ్నల్లో 40 దాకా వదిలేశానంది. నాకు గుండె ఆగినంత పనయింది. తప్పు జవాబుకు మార్కు తగ్గించరు కదా, ఏదో ఒకటి పెట్టాల్సింది కదమ్మా అన్నాను.

"రాని జవాబు పెట్టుడు తప్పు గద మేడం" అంది.

ఆ పక్క కుర్చీలో కూర్చున్న కార్పొరేట్ కాలేజీ పిల్లవాడికి చివరి ఐదు నిమిషాల్లో మిగిలినవన్నీ ఎలా నొక్కెయ్యాలో రెండేళ్ళు శిక్షణ ఇచ్చి ఉంటారు. ఈ పిల్లకు తెలియనిది తెలుసన్నట్టు చెప్పకూడదని మేమే నేర్పాం. ఇంట్లోనూ అదే నేర్పారు. ఆమె ర్యాంకు అలా ఎక్కడికో పోయింది. తండ్రి దుబాయి నుంచి నాతో మాట్లాడాడు. "పిల్ల సదువుతది మేడం, కాదనను. గని ఇంకో ఏడు ఆగుడంటే ఊళ్ళె నలుగురు నాలుగు తీర్ల అంటరు" అన్నాడు. అతన్ని తప్పు పట్టలేకపోయాను. అమ్మాయి దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో చేరింది. అక్కడికి ప్రవేశ పరీక్ష లేదు. ఇంటర్ మార్కులు చాలు.

రాని జవాబు పెట్టకపోవడం ఈ ఒక్క పిల్ల అమాయకత్వం అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. కేథరిన్ బల్డిగా అనే అమెరికన్ ఆర్థికవేత్త 2014లో ప్రచురించిన పరిశోధనలో, తప్పుకు మార్కులు తగ్గించే పరీక్షల్లో, విషయం సమానంగా తెలిసిన ఆడా మగా ఇద్దరిలో ఆడవాళ్ళే ఎక్కువ ప్రశ్నలు వదిలేస్తున్నారని తేలింది. చిలీ దేశంలో 2015లో జాతీయ ప్రవేశ పరీక్షలో ఆ తగ్గింపు తీసేస్తే, వదిలేసే ప్రశ్నల్లో ఆడా మగా మధ్య ఉన్న తేడా బాగా తగ్గింది. మన నీట్‌లో, జె.ఇ.ఇ.లో తప్పు జవాబుకు మార్కు పోతుంది. ఆ తగ్గింపు కొలిచేది ఫిజిక్సు, కెమిస్ట్రీ మాత్రమేనా, తెగింపు కూడానా? తెగింపు డాక్టరుకు అవసరమే అనేవాళ్ళుంటారు. నాకు జబ్బు చేస్తే మాత్రం తెలియనిది తెలియదని చెప్పే డాక్టరు దగ్గరికే పోతాను.

ఇప్పుడు ఎంసెట్ చరిత్ర కొంచెం చెప్పుకోవాలి, మన వైపు తప్పులు కూడా ఒప్పుకోవాలి కనుక. ప్రవేశ పరీక్ష ఒకప్పుడు సంస్కరణగానే వచ్చింది. డొనేషన్లు కట్టి సీట్లు కొనుక్కునే రోజుల్లో, 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేశారు. ఉమ్మడి ప్రవేశ పరీక్షకు ఆధారం ఆ చట్టమే. మార్కుల్లో పైరవీలు, చూచిరాతలు, ప్రాక్టికల్స్‌లో ఉదారంగా వేసిన మార్కులు, ఇవన్నీ ఉన్నాయి. నేను కళ్ళారా చూశాను. పరీక్ష పెడితే పేదవాడికి న్యాయం జరుగుతుందని మా తరం నమ్మింది, నేనూ నమ్మాను. కోచింగు అనేది ఇంత పెద్ద వ్యాపారమవుతుందని మేం ఊహించలేదు. పైగా పరీక్ష అంటే పరిశుభ్రత అన్న నమ్మకం కూడా నిలబడలేదు. తెలంగాణలో 2016లో ఎంసెట్-2 మెడిసిన్ పేపరు లీకై పిల్లలు మళ్ళీ రాయాల్సి వచ్చింది. 2024 నీట్ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది.

ఎంసెట్ ర్యాంకులో చాలా కాలం ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. కోవిడ్ సంవత్సరాల్లో ఆపారు. 2023లో తెలంగాణలో శాశ్వతంగా తీసేశారు. రకరకాల బోర్డుల మార్కులు పోల్చడం కష్టం, ఫలితాల కోసం ఎదురుచూడటంతో ఆలస్యం అన్నారు. ఆడపిల్లలకు ఏం జరుగుతుందని అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు ఎప్‌సెట్ అని పేరు మారిన ఆ పరీక్షలో మూడు గంటలే సర్వస్వం. నేను చెప్పిన అమ్మాయికి పాత పద్ధతిలో ఇంటర్ మార్కుల వల్ల 25కి 23న్నర దాకా కలిసేవి.

అయితే నిజం చెప్పాలి. కార్పొరేట్ కాలేజీ పిల్లవాడికీ దాదాపు అంతే కలిసేవి. వాళ్ళకు ఇంటర్‌లోనూ మార్కులు బాగానే వస్తాయి. కనుక పాత వెయిటేజీని ఉన్నదున్నట్టు తిరిగి తెమ్మని అడిగితే మనకు దక్కేది కొంచెమే. మార్కును అది వచ్చిన చోటుతో కలిపి చూడాలి. బాసరలో ఆ 0.4 చేసే పని అదే. ఈ సంగతి నేను సమావేశంలో చెప్పలేకపోయాను.

మా సారు అమెరికా పేరెత్తారు కనుక అమెరికా సంగతే చూద్దాం. మన ఉద్యమాలకు కూడా పనికొచ్చే కేసు ఒకటి అక్కడ జరిగింది.

న్యూయార్క్ రాష్ట్రం హైస్కూల్లో బాగా చదివిన పిల్లలకు రెండు రకాల స్కాలర్‌షిప్పులు ఇచ్చేది. 'రీజెంట్స్' స్కాలర్‌షిప్పులు 25 వేలు, వాటికంటే పెద్ద మొత్తం వచ్చే 'ఎంపైర్ స్టేట్' స్కాలర్‌షిప్పులు వెయ్యి. ఎవరికివ్వాలో తేల్చడానికి ప్రధానంగా చూసేది శాట్ అనే ప్రవేశ పరీక్ష మార్కులే. 1987లో పోటీపడిన వాళ్ళలో మగపిల్లలు 47 శాతం, అంటే ఆడపిల్లలే ఎక్కువ. తీరా ఎంపైర్ స్టేట్ స్కాలర్‌షిప్పుల్లో 72 శాతం, రీజెంట్స్‌లో 57 శాతం మగపిల్లలకు పోయాయి. బడిలో మార్కులు చూస్తే ఆడపిల్లలు మగపిల్లలకు తీసిపోరు. శాట్‌లో మాత్రం సగటున 60 మార్కుల దాకా తక్కువ వచ్చేవి. కొందరు హైస్కూలు అమ్మాయిలు, స్త్రీ సంఘాలు కలిసి కోర్టుకు వెళ్ళారు. విద్యలో లింగ వివక్షను నిషేధించే 1972 నాటి చట్టం వాళ్ళకు ఆధారం. 1989 ఫిబ్రవరిలో ఫెడరల్ జడ్జి జాన్ వాకర్ వాళ్ళకు అనుకూలంగా తీర్పు ఇచ్చాడు. స్కాలర్‌షిప్పు ఇచ్చేది బడిలో సాధించినదానికి. శాట్ కొలిచేది బడిలో సాధించినదాన్ని కాదు, కాలేజీలో మొదటి ఏడాది ఎలా చదువుతారో అంచనా వెయ్యడానికి తయారైన పరీక్ష అది. దాని ఒక్కదాని మీదే ఆధారపడితే ఆడపిల్లలకు అన్యాయం జరుగుతోంది కనుక చెల్లదన్నాడు.

ఆ కేసులో ప్రభుత్వం చెప్పిన సాకు ఏమిటో తెలుసా? ఒక్కో బడిలో మార్కులు ఒక్కో రకంగా ఉంటాయి, పోల్చడం కష్టం, అన్నీ సేకరించడం పెద్ద పని అని. 2023లో మన దగ్గర విన్న మాటలే! అంతకు ముందు 1988లో ఆ రాష్ట్రమే ఒక ఏడాది బడి మార్కులూ శాట్ మార్కులూ కలిపి ఇచ్చి చూసింది. ఆడపిల్లల వాటా పెరిగింది. మరుసటి ఏడాది మళ్ళీ పాత పద్ధతికే పోబోతే కోర్టు అడ్డుకుంది. ఇక్కడ నాకు నచ్చింది ఒకటుంది. పరీక్ష రాసిన వాళ్ళ దురుద్దేశం గురించి ఆ జడ్జి వెతకలేదు. ఫలితం చూశాడు. మన దగ్గర వివక్ష అనగానే "ఎవరు చేశారు, పేరు చెప్పండి" అంటారు.

ఆ మరుసటి కొన్నేళ్ళలోనే, 1992లో, వెయ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకొక సంగతి బయటపెట్టారు. కాలేజీలో ఒకే రకం లెక్కల కోర్సు చదివి ఒకే గ్రేడు తెచ్చుకున్న ఆడపిల్లనీ మగపిల్లవాడినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ఆడపిల్లకు అంతకు ముందు శాట్ లెక్కల్లో సగటున 33 మార్కులు తక్కువ వచ్చి ఉన్నాయి. అంటే ఆమె చేయగలిగినదాన్ని పరీక్ష తక్కువ చేసి చెప్పింది.

పరీక్ష మార్కులు ఇవ్వాలా వద్దా అన్నది విద్యార్థి ఇష్టానికే వదిలెయ్యడం అక్కడ కొత్త కాదు. బౌడన్ కాలేజీ 1969లోనే మొదలుపెట్టింది. స్త్రీల కాలేజీగా పేరున్న మౌంట్ హోలియోక్ 2001లో అదే దారి పట్టింది. 2020లో కోవిడ్ వచ్చి పరీక్షలు జరపడమే కష్టమయ్యేసరికి దాదాపు అందరూ అదే చేశారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమైతే 2021 నుంచి ఇచ్చినా చూడనంది. తర్వాత 2022లో ఎం.ఐ.టి., 2024లో డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్ మళ్ళీ పరీక్ష కావాలన్నాయి. సారు చెప్పింది ఇంతవరకు నిజం.

ఎందుకు తిరిగి పెట్టారో మాత్రం ఆయన చెప్పలేదు. డార్ట్‌మత్‌లో అక్కడి అధ్యాపకులే పరిశీలించి చూస్తే, పేద పిల్లలు, అంతంతమాత్రం బడుల నుంచి వచ్చిన పిల్లలు తమ మార్కులు తక్కువనుకుని దాచేసుకుంటున్నారు. నిజానికి ఆ బడి నుంచి ఆ మార్కు రావడం గొప్ప అని ఎంపిక చేసేవాళ్ళు సంతోషంగా చూసేవాళ్ళు. అందుకని మార్కు చూపించమన్నారు. అంటే వాళ్ళు మార్కును బడితో పోల్చి చదువుతున్నారు. పరీక్ష వాళ్ళ దగ్గర అనేక కాగితాల్లో ఒక కాగితం. మన దగ్గర ఉన్నది ఆ ఒక్క కాగితమే, అందులోనూ ఒక్క అంకె. అమెరికా వాళ్ళు వెనక్కి తెచ్చుకున్నది మన ఎప్‌సెట్ లాంటిదాన్ని కాదు.

అలాగని వాళ్ళ పద్ధతి మొత్తం మనకు కావాలని నేను అనను. అక్కడ వ్యాసాలు రాయిస్తారు, సిఫారసు ఉత్తరాలు అడుగుతారు, ఏయే ఆటలు ఆడావో ఏ సంగీతం నేర్చుకున్నావో చూస్తారు. మన దేశంలో ఇంటర్వ్యూ, సిఫారసు ఉత్తరం అంటే ఏమిటో మనకు తెలియదా? ఇంటిపేరు వినగానే బోర్డులో కూర్చున్నవాళ్ళ ముఖాలు ఎలా మారతాయో దళిత అమ్మాయిల్ని అడగండి. అంకెల్లో ఉన్న న్యాయం కొద్దిదే కావచ్చు, దాన్ని వదులుకోకూడదు. కాకపోతే ఒక్క అంకె చాలదు.

దీనికి దగ్గరగా ఉన్న పద్ధతి టెక్సస్‌లో కనిపిస్తుంది. అక్కడ 1997లో చట్టం చేసి, ప్రతి హైస్కూల్లోనూ తరగతిలో మొదటి 10 శాతంలో ఉన్నవాళ్ళకు, శాట్‌లో ఎంత వచ్చిందన్న దానితో నిమిత్తం లేకుండా, రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం ఇచ్చారు. ఏ ఊరి బడి అయినా సరే. తర్వాత ఒక విశ్వవిద్యాలయానికి కొంత సడలింపు ఇచ్చారు గానీ మూలసూత్రం అదే. బట్టీయా, ప్రతిభా అన్న వాదం అక్కడ అవసరం లేదు. ఆ పిల్ల తనకున్న వసతుల్లో, తన చుట్టూ ఉన్నవాళ్ళకంటే బాగా చదివింది. అంతే.

మళ్ళీ మన దేశానికి వస్తే, తమిళనాడు 2006లో చట్టం చేసి వృత్తి విద్యా కోర్సులకు ప్రవేశ పరీక్షలు తీసేసింది. పది సంవత్సరాల తర్వాత నీట్ తప్పనిసరి అయ్యేసరికి మెడిసిన్‌కు ఆ దారి మూసుకుపోయింది. అరియలూరు జిల్లాలో అనిత అనే దళిత కూలీ కుటుంబపు అమ్మాయి ప్లస్ టూలో 1200కి 1176 తెచ్చుకుంది. పాత పద్ధతిలో మెడికల్ సీటు ఖాయం. నీట్‌లో 720కి 86 వచ్చాయి. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2017 సెప్టెంబర్ 1న చనిపోయింది. ఆమె చావును ఎవరి వాదానికి వాళ్ళు వాడుకున్నారు కనుక నేను దాని గురించి ఎక్కువ రాయదలుచుకోలేదు. ఆ 1176 ఎక్కడికి పోయాయన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. తర్వాత 2020లో ప్రభుత్వ బడుల పిల్లలకు మెడికల్ సీట్లలో 7.5 శాతం కేటాయిస్తూ అక్కడ చట్టం చేశారు.

పరీక్ష గది గుమ్మం దగ్గర ఆడపిల్లకు జరిగేది వేరే కథ. 2022 జూలైలో కేరళలోని కొల్లం జిల్లాలో నీట్ రాయడానికి వచ్చిన అమ్మాయిల చేత లోదుస్తులు విప్పించారని ఫిర్యాదులొచ్చాయి. అరెస్టులు జరిగాయి. సెప్టెంబర్‌లో వాళ్ళకు మళ్ళీ పరీక్ష పెట్టారు. అటువంటి అవమానం తర్వాత లోపలికి పోయి మూడు గంటలు కదలకుండా కూర్చుని రాసిన అమ్మాయి మార్కు, ఏమీ జరగని అబ్బాయి మార్కు, రెండూ ఒకే జాబితాలో ఒకదాని కింద ఒకటి వస్తాయి!

"ఇంజనీరింగ్ సీట్లలో మూడో వంతు మీకే ఉంది కదా" అని సమావేశంలో ఒకరు నన్ను అడిగారు. ఉంది. దాన్ని సాధించుకోవడానికి స్త్రీలు చాలా పోరాడారు. కానీ ఆ మూడో వంతును నింపేది కూడా అదే ర్యాంకు జాబితా. హైదరాబాదులో లక్షలు కట్టి చదివిన అమ్మాయి, మా బీడీల ఇంటి అమ్మాయి, ఇద్దరూ ఆడపిల్లలే. సీటు ఎవరికి వెళుతుందో చెప్పనక్కర్లేదు. స్త్రీలందరూ ఒకటే అనుకుంటే మనం కూడా ఈ తేడాను చూడలేం. ఐఐటిలలో 2016లో చేరిన వాళ్ళలో అమ్మాయిలు 8 శాతం. ఒక కమిటీ వేసి, 2018 నుంచి వాళ్ళకోసం అదనపు సీట్లు పెట్టి, 2020కి 20 శాతానికి తేవాలనుకున్నారు. పరీక్ష ఒక్కటే పెడితే ఆడపిల్లలు బయటే ఉండిపోతారని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా ఇది? అక్కడ కూడా జె.ఇ.ఇ. గట్టెక్కిన వాళ్ళకే ఆ సీట్లు.

మన ఇంటి లోపాలు కూడా చెప్పాలి. పదో తరగతిలో బడివాళ్ళే వేసే 20 ఇంటర్నల్ మార్కులు ప్రైవేటు బడుల్లో అందరికీ ఇరవైకి ఇరవై పడుతున్నాయని ప్రతి టీచరుకూ తెలుసు. నిజాయితీగా పదహారు వేసిన ప్రభుత్వ బడి పంతులమ్మ తన పిల్లకే అన్యాయం చేసినట్టవుతోంది. దీనికి మందు బోర్డు పరీక్షను, తనిఖీలను సరిచెయ్యడం. ఇంకో పరీక్ష పెట్టడం కాదు. కోవిడ్ వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ట్రిపుల్ ఐటిలకు ప్రవేశ పరీక్ష పెట్టారు, బాసరలో పాలిసెట్ ర్యాంకులు చూశారు. ఆ సంవత్సరాల జాబితాలనూ, మార్కులతో ఇచ్చిన సంవత్సరాల జాబితాలనూ పక్కపక్కన పెట్టి, ఆడపిల్లలెందరు, ప్రభుత్వ బడుల వాళ్ళెందరు అని ప్రభుత్వం ప్రకటిస్తే మా సారుకు నేను జవాబు చెప్పే పని ఉండదు. ఆ అంకెలే చెబుతాయి. నేను ఓడిపోయినా సరే, ప్రకటించమనే అంటాను.

సీటు ఇచ్చి చేతులు దులుపుకోవడం కూడా చూశాం. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు, వాళ్ళలో అమ్మాయిలు కూడా, కనీస సదుపాయాల కోసం ఎండలో వానలో రోజుల తరబడి బైఠాయించారు. "మార్కులతో వచ్చిన పిల్లలు చదవలేకపోతున్నారు" అనేవాళ్ళు ఆ పిల్లలకు టీచర్లెందరున్నారో, మెస్సులో ఏం పెడుతున్నారో ముందు చూడాలి.

మా స్త్రీ సంఘం తరఫున ఉన్నత విద్యామండలికి ఒక ఉత్తరం రాయాలని అనుకున్నాం. ర్యాంకుల్లో ఇంటర్ మార్కులకు స్థానం మళ్ళీ ఇవ్వాలని, ఆ మార్కును ఆ కాలేజీ సగటుతో పోల్చి చూడాలని, ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీలోనూ మొదటి స్థానాల్లో ఉన్న పిల్లలకు ర్యాంకుతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల్లో కొన్ని సీట్లు ఉంచాలని, పరీక్షా కేంద్రం ఆడపిల్లలకు సొంత జిల్లాలోనే వెయ్యాలని, ట్రిపుల్ ఐటిల ప్రవేశ పద్ధతిని మార్చవద్దని. ఇవి చివరి మాటలేం కావు, మీరు కలపండి, కొట్టెయ్యండి.

ఉత్తరంలో ఒక్క జిల్లా అనుభవమే ఉంటే బలం చాలదు. మీ ఊళ్ళో ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చి, ర్యాంకు రాక, రెండోసారి రాయనివ్వక ఆగిపోయిన అమ్మాయిలుంటే వాళ్ళతో మాట్లాడండి. పేర్లు అక్కర్లేదు. ఏ కాలేజీ, ఎన్ని మార్కులు, పరీక్షా కేంద్రం ఎంత దూరం, ఎన్ని ప్రశ్నలు వదిలేసింది, ఎందుకు వదిలేసింది, ఇప్పుడేం చేస్తోంది. ఈ వివరాలు పత్రిక చిరునామాకు పంపండి.